చేల నడుమ మిగిలిన పొదలును, వానియందలి పక్షుల లెక్కయును



మన మెట్ట గ్రామములలో సాగునకు రాని భూమి కొంత ప్రతి రైతు చేని యంచునను ఉండును. రాళ్లగుట్ట, వాగు ఒడ్డు, రెండు కమతముల నడిమి పెద్ద గట్టు, పూడిపోయిన పాతబావి చుట్టును గల నేల, చెరువుకట్ట వెనుక భాగము, గ్రామదేవత గుడి చుట్టు మిగిలిన చెట్లు, బంజరు, పరంపోకు మున్నగునవి యిట్టివి. ఇందు రేగు, పరికి, బలుసు, కలివి, తంగేడు, మోదుగ, జమ్మి మొదలగు పొదలును చెట్లును తమంతట తామే పెరుగుచుండును. వీనికి నీరు పెట్టువారు లేరు, ఎరువు వేయువారు లేరు. ఫసలు రాదు కనుక దీనిని పనికిరాని భూమి యని యందురు. చేను చదును చేయుటకు యంత్రము వచ్చిన దినమున మొట్టమొదట తీసివేయబడునది యీ పొదయే.

ఈ పత్రమున చెప్పదలచిన మాట యొక్కటియే. ఆ పొదను తీసివేయుటకు ముందు దానియందు ఏమి కాపురమున్నదో లెక్కించి తెలిసికొనుడు. ఒకసారి కొట్టివేసిన పొద ఒక యేడాదిలో తిరిగి రాదు. లెక్కించుటకో, దినమునకు పావుగంట చాలును.

1. పొదలో నివసించునవి

పక్షికి తిండి యొకచోట, ఇల్లు ఇంకొకచోట ఉండుట కలదు. చేనిలో మిడుతలు, పురుగులు, రాలిన గింజలు దొరకును. కాని కోత అయిన పిదప నల్లరేగడి చేనిలో మూరెడు ఎత్తుగల కొమ్మ యొక్కటియైనను మిగులదు. కూర్చుండుటకు, గూడు కట్టుటకు, ఎండవేళ తలదాచుకొనుటకు, డేగను జూచి దాగుటకు పక్షికి పొదయే దిక్కు.

కౌజు పిట్టయు పూరేడు పిట్టయు పొదల మాటున, గడ్డి దుబ్బుల చాటున, నేలపైననే గ్రుడ్లు పెట్టును. పిగిలిపిట్ట పొద కొమ్మలలో గిన్నెవంటి గూడు కట్టి, పండ్లు తిని, వాని గింజలను దూరదూరముగా వెదజల్లును. జెముడుకాకి పొదల అడుగున నడచుచు పురుగులను, చిన్న ప్రాణులను ఏరి తినును. పసుల వెంట తిరుగు నల్ల ఏట్రింత ఎండుకొమ్మపై కూర్చుండి, ఎగిరిన పురుగును గాలిలోనే పట్టును. పైడికంటెయు పాలపిట్టయు ముసలిచెట్ల తొఱ్ఱలలో పిల్లలను పెట్టును. పాలపిట్ట మిడుతలను, పెంకు పురుగులను తినును. గుడ్లగూబలు రాత్రివేళ ఎలుకలను పట్టును. మీరు కూలి యీయకున్నను ఇవి మీ చేనిలో పనిచేయుచున్నవి. ఇల్లు తీసివేసినచో ఈ పనివారు ఊరు విడిచి పోవుదురు.

2. మేలును కీడును

పక్షులన్నియు రైతునకు మిత్రులే యని చెప్పుట సత్యము కాదు. రామచిలుక జొన్నకంకిని, మొక్కజొన్నను, జామకాయను పాడుచేయును. నెమలి విత్తిన గింజలను, లేతమొలకలను తినును. శీతకాలమున మధ్య ఆసియా దేశములనుండి గుంపులుగుంపులుగా వచ్చు గులాబిరంగు గోరువంకలు జొన్నచేలపై వ్రాలిన దినమున రైతు పడు శ్రమ అందఱికిని తెలిసినదే. అవే గోరువంకలు తమ స్వస్థలమునందు మిడుతల దండును తిని రైతులకు మేలు చేయును. ఒకే పక్షి ఒకచోట కీడును, ఇంకొకచోట మేలును చేయుచున్నది.

కావున పక్షి యేమి తినుచున్నదో చూడక దానిని మిత్రుడనుటయు, శత్రువనుటయు తగదు. ఈ సంగతిని తేల్చుటకే మేసన్, లెఫ్రాయ్ అనువారు పక్షుల కడుపులలోని తిండిని పరీక్షించి భారతదేశపు పక్షుల ఆహారమును గూర్చి యొక పెద్ద గ్రంథమును వ్రాసిరి. అది 1912 సంవత్సరమున వ్యవసాయ శాఖ ప్రచురణలలో వెలువడెను. చూడకయే నిర్ణయించినచో కలుగు నష్టమునకు చీనాదేశము తార్కాణము. అచ్చట 1958లో పిచ్చుకలు ధాన్యము తినుచున్నవని వానిని చంపుటకు దేశమంతటను ఉద్యమము నడపిరి. పిదప పురుగుల బాధ పెరిగెను. 1960లో పిచ్చుక పేరును శత్రువుల పట్టికనుండి తొలగించిరి.

ఇంకొక సంగతియు గమనింపదగినది. పొదను కొట్టివేసినంతమాత్రమున చిలుకయు, కాకియు, పావురమును ఊరు విడువవు. ఇవి మనుష్యుల చెంతను, ఎట్టి చోటనైనను బ్రతుకనేర్చినవి. పొదనే నమ్ముకొన్న పక్షులు మాత్రము పోవును. అనగా పొదను తీసినచో తరచుగా నష్టపడునది మేలుచేయు జాతియే, మిగులునది కంకిని కొట్టు జాతియే.

3. లెక్క యెందుకు?

"మా చిన్నతనమున పక్షులు మెండుగా నుండెడివి, ఇప్పుడు లేవు" అని పెద్దలు చెప్పుట వినుచున్నాము. ఏ పక్షి? ఎన్ని? ఎప్పటినుండి తగ్గినది? అని యడిగిన జవాబు దొరకదు. జ్ఞాపకము లెక్క కాదు. పూర్వము పహాణీ పత్రమున ప్రతి సర్వే నంబరునకు ఎదుట ఏ పైరు, ఎన్ని యెకరములు, ఏ ఫసలు అని వ్రాసెడివారు. అందువలననే పదియేండ్ల పిదప కూడ ఏ చేనిలో ఏమి పండెనో చెప్పుటకు వీలయ్యెను. పక్షులకును అట్టి పహాణీ యొకటి కావలయును.

ఇట్టి లెక్క యీ నేలకు క్రొత్త గాదు. పూర్వపు హైదరాబాదు సంస్థానమున 1931-32 సంవత్సరములలో సాలిం అలీ యనువారు ఊరూర తిరిగి పక్షులను పరిశీలించిరి. ఆ వివరములు 1933-34లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి పత్రికలో అచ్చయ్యెను. ఆనాడు ఏ పక్షి ఏ తావున కనబడెనో అందు వ్రాసియుండుటచేతనే నేడు పోల్చి చూచుటకు ఆధారము కలదు.

ఇప్పటి లెక్క యేమి చెప్పుచున్నది? దేశమంతటను స్వచ్ఛందముగా పక్షులను చూచి వ్రాసిన సుమారు 30 వేలమంది జాబితాలనుండి, 3 కోట్ల నమోదుల ఆధారముతో, 2023లో భారతదేశపు పక్షుల స్థితిని గూర్చి యొక నివేదిక వెలువడెను. అందు 942 జాతులను పరిశీలించిరి. దీర్ఘకాలపు మార్పును తేల్చుటకు వీలైన 338 జాతులలో నూటికి 60 వంతులు తగ్గినవని తేలెను. నెమలివంటి కొన్ని పెరిగినవి. గడ్డిబీళ్లను, పొదలతో గూడిన మెట్టభూములను నమ్ముకొన్న జాతులు మిక్కిలి తగ్గినవి. తగ్గినవానిలో మన పాలపిట్టయు నున్నది. దసరాపండుగనాడు జమ్మిచెట్టుతో గూడ దర్శింపవలెనని మనము వెదకు పక్షియే యిది. తెలంగాణ రాష్ట్రపక్షియు నిదియే. దీని స్థితిని అంతర్జాతీయముగా మరల విచారింపవలసిన 14 జాతులలో నొకటిగా ఆ నివేదిక పేర్కొన్నది. ఇరుగుపొరుగున అక్కడక్కడ కనబడుచుండుటచేత ఇది తగ్గినదని ఎవ్వరికిని తోచలేదు. లెక్క వ్రాసినవారికే తెలిసినది.

4. కలివికోడి చెప్పు పాఠము

కలివిపొదలనుబట్టి పేరు వచ్చిన కలివికోడి యను పక్షి యొకటి కలదు. ఇది పగలు పొదల నడుమ దాగియుండి రాత్రివేళ నేలపై పరుగెత్తుచు మేత వెదకును. 1848లో శాస్త్రజ్ఞులు దీనిని గ్రంథస్థము చేసిరి. 1900లో ఒకసారి కనబడిన పిమ్మట ఎనుబది యేండ్లకు పైబడి ఎవ్వరును దీనిని చూచినట్లు వ్రాయలేదు. ఇది నశించినదని తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి చెంత మరల దొరకెను. వెదకుటకు వచ్చిన పరిశోధకుడు భరత్ భూషణ్. చేతికి పట్టియిచ్చినవాడు ఐతన్న యను స్థానికుడు. పిదప ఆ ప్రాంతము శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమయ్యెను.

పుస్తకములలో ఎనుబది యేండ్లు లేని పక్షి ఆ ఊరి పొదలలోనే యుండెను. దానిని పట్టగలిగినవాడును ఆ ఊరివాడే. పొద సంగతి పొదకు చేరువనున్నవానికే యెక్కువ తెలియును.

రెండవ పాఠము: ఈ పక్షి దట్టమైన అడవిలో నుండదు, బోడినేలలోను నుండదు, పలుచగా పొదలుండి నడుమ ఖాళీనేల గల చోటనే బ్రతుకును. పొదలను మొదలంట నరికినను దానికి చేటే, పశువులు మేయక పొదలు మిక్కిలి క్రమ్ముకొన్నను చేటే. రాత్రి తిరుగు పక్షిని కంటితో లెక్కించుట కష్టము గనుక, పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పఱచి, ఉదయమున దానిపై నున్న అడుగుజాడలను చూచి దాని ఉనికిని గుర్తించిరి. రైతునకు తెలియని విద్య గాదిది. చేనిలో పడిన పంది జాడను, దుప్పి జాడను మనము చూచి చెప్పుటలేదా?

5. ఇతర ప్రాంతముల వారు చేయుచున్న విధము

ఉత్తర అమెరికాయందు 1900 క్రిస్మసు దినమున 27 మంది తుపాకులు మాని పక్షులను లెక్కించుట మొదలిడిరి. ఆ లెక్క నేటికిని ఏటేట జరుగుచున్నది. ఆస్ట్రేలియా దేశమున గోధుమచేల కొఱకును, గొఱ్ఱెల బీళ్ల కొఱకును అడవిని విస్తారముగా నరికిరి. చేల నడుమ అక్కడక్కడ తునకలుగా మిగిలిన పొదలలో స్వచ్ఛంద సేవకులు పక్షులను లెక్కించుచున్నారు. 2 హెక్టారులు, అనగా సుమారు 5 ఎకరముల స్థలమున 20 నిమిషములు తిరిగి, చూచిన పక్షులన్నిటిని వ్రాయుట వారి పద్ధతి. పొద విశాలముగానుండి, చెట్ల క్రింద చిన్నపొదలును గడ్డియు నున్నచోట చిన్నపక్షులు నిలుచుచున్నవి. క్రింది పొదలు లేక చెట్లు మాత్రమే మిగిలిన చిన్న తునకలను నాయిజీ మైనర్ అను కయ్యమాడు పక్షి యాక్రమించి, పురుగులు తిను చిన్నపక్షులను తరిమివేయుచున్నది. పైకి రెండును పచ్చగానే కనబడును. భేదము లెక్కవలన తేలినది.

మన దేశమున కేరళ రాష్ట్రమున 2015 మొదలు 2020 వఱకు వేయిమందికి పైబడిన స్వచ్ఛంద సేవకులు రాష్ట్రమంతటను తిరిగి 3 లక్షల నమోదులు చేసి 361 జాతుల పక్షుల పటమును తయారు చేసిరి. వీరిలో పలువురు వేరు వృత్తులలో నున్నవారే.

6. లెక్కించు పద్ధతి

మీ చేనియొద్ద లెక్కించుటకు ఈ క్రింది విధముగా నడచుకొనుడు.

(అ) ఒక పొదను ఎన్నుకొనుడు. దాని సర్వే నంబరు, సుమారు విస్తీర్ణము, అందలి ముఖ్యమైన చెట్లపేర్లు పుస్తకము మొదటి పుటలో వ్రాయుడు.

(ఆ) సూర్యోదయమైన పిమ్మట గంటలోపల వెళ్లుడు. పక్షులు మిక్కిలి కదలు వేళ యిది. వానలోను పెనుగాలిలోను లెక్కింపకుడు.

(ఇ) ప్రతిసారియు అదే దారిని, అంతే సేపు నడువుడు. 15 నిమిషములు చాలును. ఒకనాడు పావుగంటయు, ఇంకొకనాడు గంటయు తిరిగినచో రెండు లెక్కలను పోల్చుటకు వీలుపడదు.

(ఈ) చూచిన పక్షులన్నిటిని, కూత విని గుర్తించినవానిని వ్రాయుడు. అందమైనవానిని మాత్రము వ్రాసి కాకిని, గోరువంకను విడువరాదు. జాబితా సంపూర్ణమైనపుడే, అందు లేని పక్షి ఆనాడు కనబడలేదని చెప్పుటకు వీలగును. కనబడకపోవుటయు లెక్కయే.

(ఉ) ప్రతి జాతికి ఎదుట సంఖ్య వేయుడు. గుంపు పెద్దదైన పదేసిగా అంచనా కట్టుడు.

(ఊ) పేరు తెలియని పక్షికి పేరు కల్పింపకుడు. ఎంత పరిమాణము, ఏ రంగు, ముక్కు ఎట్టిది, ఏమి చేయుచుండెను అని వ్రాసియుంచుడు. మీ ఊరిలో వాడుకనున్న తెలుగు పేరునే వ్రాయుడు. గొఱ్ఱెల కాపరులకు తెలిసినన్ని పక్షిపేర్లు చదువుకొన్నవారికి తెలియవు. వారిని అడుగుడు.

(ఋ) తేది, మొదలిడిన వేళ, ముగించిన వేళ, ఆకాశస్థితి, ప్రక్క చేలలోని పైరు, ఇటీవల మందు చల్లిరా లేదా అను సంగతి వ్రాయుడు.

(ౠ) నెలకు రెండుసార్లయినను చేయుడు. అది కుదురని యెడల వానకాలమున నొకటియు, శీతకాలమున నొకటియు, వేసవిలో నొకటియు తప్పక చేయుడు. శీతకాలమున వచ్చి పోవు వలసపక్షులును, వానకాలమున గూడుకట్టు పక్షులును వేఱు వేఱు గనుక ఒక ఋతువు లెక్క చాలదు.

(ఎ) పొద లేని బోడిచేనిలోను అదే దినమున అంతే సేపు లెక్కించుడు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు పొద విలువ మీకే తెలియును.

గూటియొద్దకు పోరాదు, గ్రుడ్లను తాకరాదు. గూడున్న స్థలమును ఉచ్చులు పన్నువారికి తెలియనీయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పక్షులను పట్టుట, చంపుట నేరము. వ్రాసిన జాబితా నకలును గ్రామపాఠశాలయందుంచుడు. చేతిఫోను వాడు పిల్లలు ఇంట నున్నచో, ఈ-బర్డ్ అను జాబితాలో నమోదు చేసిన యెడల అది దేశపు లెక్కలో చేరును.

7. లెక్కను చదువు విధము

ఒక దినపు లెక్కను నమ్మి తీర్పు చెప్పరాదు. ఈ యేటి కార్తికమును నిరుటి కార్తికముతోనే పోల్చవలెను గాని వైశాఖముతో పోల్చరాదు. మొత్తము పక్షుల సంఖ్య పెరిగినంత మాత్రమున సంతసింపరాదు. ఒకే జాతి గుంపుగా వచ్చి సంఖ్యను పెంచవచ్చును. ఎన్ని జాతులున్నవి, పొదనే నమ్ముకొన్నవి ఎన్ని, పురుగులు తినునవి ఎన్ని అని విడదీసి చూడుడు.

పొద రకమును కూడ చూడవలెను. 1877 ప్రాంతమున కడప జిల్లాకు తెప్పింపబడిన సర్కారు తుమ్మ నేడు బీళ్లను, చెరువు శిఖములను ఆక్రమించినది. అది మన దేశపు చెట్టు గాదు. అది పూర్తిగా క్రమ్మిన చోట రేగు, కలివి, బలుసు మొలవవు. పచ్చదనముండును గాని పొదల రకము ఒక్కటే యగును. మీ ఊరిలో సర్కారు తుమ్మ గుంపును ఒకటి, పాతపొద నొకటి యెన్నుకొని లెక్కించి భేదము కనుగొనుడు. తుమ్మను తీయదలచిన, కొంచెము కొంచెముగా తీయుచు ఆ చోట నాటుజాతి పొదలను పెరుగనీయుడు. పక్షులు గూడుకట్టు వానకాలమున ఈ పని పెట్టుకొనరాదు.

జాతులు తగ్గుచున్నవని లెక్క చూపినపుడు చేయదగిన పనులు సులభమైనవి. గట్టుపై పొదను నిప్పుపెట్టి కాల్చకుడు. పొద అంచున రెండు సాళ్లయినను మందు చల్లక విడువుడు. తొఱ్ఱగల ముసలిచెట్టును, నిలిచిన ఎండుమానును వంటచెఱకునకై కొట్టకుడు. ఒక పొదకును ఇంకొక పొదకును నడిమి గట్టున రేగు, కానుగ, జమ్మి వంటివానిని పెరుగనీయుడు. పక్షులు ఒకచోటినుండి ఇంకొకచోటికి పోవుటకు అది బాట యగును.

8. రైతులకు తోచు సందేహములు

"పొద యుంచిన అడవిపందులు చేరును" అని కొందఱందురు. ఈ మాటలో నిజము కలదు. పందులు దట్టముగా క్రమ్మిన గుబురులలో పగలు దాగును. పందుల బాధ గల ఊళ్లలో గుబురును పలుచన చేసి, అడుగున వెలుతురు పడునట్లుంచుడు. పలుచని పొద కౌజునకు చాలును, పందికి చాలదు. పూర్తిగా నరుకుట, పూర్తిగా విడుచుట అను రెంటి నడుమ ఇదియొక మార్గము.

"పక్షులున్నవని వ్రాసినచో మా భూమిని సర్కారు తీసికొనునేమో" అని మఱికొందఱు జంకుదురు. పక్షుల జాబితా వ్రాసికొనుట వలన పట్టాహక్కునకు మార్పు కలుగదు. అది మీ చేతివ్రాత, మీ పుస్తకము. ఎవ్వరికి చూపవలెనో మీ యిష్టము.

"అర ఎకరము పొద వలన నాకేమి వచ్చును?" అను ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. దీనికి అందఱికిని ఒకే జవాబు లేదు. అర ఎకరము జొన్న పండించిన ఎంత వచ్చునో మీకు తెలియును. అర ఎకరము పొద యేమి ఇచ్చుచున్నదో ఇంతవఱకు ఎవ్వరును మీకు లెక్కగట్టి చూపలేదు. అందుచేతనే అది సున్న యని తోచుచున్నది. రెండేండ్ల లెక్క చేత నున్న రైతు ఆ పొదను ఉంచినను, తీసినను, తెలిసి చేసినవాడగును.

ఈ పునాస విత్తనములకు ముందే ఒక నోటుపుస్తకమును, ఒక పెన్సిలును సిద్ధపఱచుకొనుడు. ఊరికి ఒక్క రైతు మొదలిడినను చాలును. పొదను కొట్టుటకు ఒక పూట పట్టును. పెంచుటకు ఒక తరము పట్టును. ఆ పూట రాకముందే లెక్క వ్రాయుడు.